నౌక డెక్ మీద బిగించే పెట్టెకు హై-లెవెల్ ఈఎంఐ పరీక్ష ఎక్కడ చేయించాలి?

ముందు మీరు అడిగింది చిన్నగా మళ్లీ చెప్తాను, తర్వాత చదివేవాళ్లకూ తెలియాలి కదా. మీది కాకినాడలో చిన్న యూనిట్. నౌకాదళానికి సప్లై చేసే ఒక పెద్ద కంపెనీ కోసం సబ్‌కాంట్రాక్టు మీద కంట్రోల్ బాక్సు చేస్తున్నారు. అది నౌక డెక్ మీద, బయటే బిగిస్తారు. ఆర్డరులో పరీక్షల దగ్గర “మిల్-స్టాండర్డ్ 461జీ ప్రకారం ఆర్‌ఎస్103, ఆర్‌ఎస్105, ఇంకా హై-లెవెల్ ఆర్‌ఎఫ్ ఇమ్యూనిటీ” అని ఒకే ఒక్క వాక్యం ఉంది. (ఈఎంఐ అంటే విద్యుదయస్కాంత జోక్యం. 461జీ దాని మీద అమెరికా సైన్యం రాసిన ప్రమాణం. ఆర్‌ఎస్103, ఆర్‌ఎస్105 అందులో బయటి రేడియో ఫీల్డ్‌నూ, పల్సునూ పరికరం తట్టుకుంటుందా అని చూసే పరీక్షలు.) రెండు ప్రైవేటు ల్యాబులను అడిగితే “అంత లెవెల్ మా దగ్గర లేదండీ” అన్నారు. బెంగళూరు, చెన్నై తిరగాలా, ఈ చుట్టుపక్కల ఏమైనా ఉందా అని మీ ప్రశ్న.

ఉంది. విశాఖలోనే ఉంది, దాని సంగతి కింద రాస్తాను. కానీ ల్యాబుకు ఫోన్ చేసే ముందు మీ కస్టమర్‌కు ఫోన్ చెయ్యండి. “హై-లెవెల్ అంటే మీటరుకు ఎన్ని వోల్టులు? ఏ ఫ్రీక్వెన్సీ నుంచి ఏ ఫ్రీక్వెన్సీ దాకా? కంటిన్యువస్సా, పల్సా?” అని రాతపూర్వకంగా అడగండి. ఈ మూడు అంకెలు చేతిలో లేకుండా ల్యాబుకు ఫోన్ చేస్తే, అవతలివాళ్లు మర్యాదగా కుదరదనే చెప్తారు. మీకు జరిగింది అదే అని నా అనుమానం.

ఎందుకు అంకెలు అంటున్నానంటే, 461జీ ఒకే పుస్తకమైనా అందులో ఆర్‌ఎస్103 లెవెల్ అందరికీ ఒకటి కాదు. ఓడ లోపల, ఇనుప గోడల మధ్య ఉండే పరికరానికి మీటరుకు 10 వోల్టులు చాలు. సైన్యం నేల మీద వాడేదానికి 50. అదే ఓడలో డెక్ మీద బయట ఉండేదానికి 200. పది నుంచి రెండు వందలకు వెళ్లడం అంటే వినడానికి ఇరవై రెట్లే, కానీ పవర్ వర్గం లెక్కన పెరుగుతుంది కాబట్టి యాంప్లిఫైయర్ నాలుగు వందల రెట్లు పెద్దది కావాలి. ల్యాబులు వెనకాడేది అందుకే. మీ పెట్టె నిజంగా డెక్ మీదే ఉంటుందా, లేక బ్రిడ్జి లోపల ఉండి కేబుల్ మాత్రమే బయటికి వస్తుందా అనేది కూడా గట్టిగా అడగండి. ఆర్డరు రాసే గుమాస్తా పాత ఆర్డరులోని పేరా కాపీ కొట్టడం మన దేశంలో కొత్త కాదు. పది వోల్టుల పరీక్ష చాలే చోట రెండు వందలు రాసి, చిన్న కంపెనీ నెత్తిన పెట్టిన సందర్భాలు చూశాను.

ఇక ఆ వాక్యంలో నిజానికి మూడు వేర్వేరు పరీక్షలు ఇరుక్కుని ఉన్నాయి. మూడింటికీ సామాను వేరు, చాలాసార్లు ఊరు కూడా వేరు.

మొదటిది మామూలు ఆర్‌ఎస్103. 2 మెగాహెర్ట్జ్ నుంచి 18 గిగాహెర్ట్జ్ దాకా తప్పనిసరి, 40 గిగాహెర్ట్జ్ దాకా కొనుగోలుదారు అడిగితేనే. యాంటెన్నా సాధారణంగా పరికరానికి ఒక మీటరు దూరంలో ఉంటుంది. పవర్ ఎంత కావాలో కాగితం మీదే తేల్చుకోవచ్చు: ఫీల్డ్‌ను వర్గం చేసి, దూరం వర్గంతో గుణించి, 30తో భాగిస్తే, పవర్‌ను యాంటెన్నా గెయిన్‌తో (యాంటెన్నా పవర్‌ను ఒకవైపుకు ఎన్ని రెట్లు పోగేస్తుందో ఆ అంకెతో) గుణించిన విలువ వస్తుంది. 200 వోల్టులకు, మీటరు దూరంలో, అది సుమారు 1,333 వాట్లు. గిగాహెర్ట్జ్ పైన పది రెట్ల గెయిన్ ఉన్న హార్న్ యాంటెన్నా పెడితే నూట ముప్పై వాట్ల చిల్లరతో పనైపోతుంది. కింద, ముప్పై నలభై మెగాహెర్ట్జ్ దగ్గర, యాంటెన్నా గెయిన్ ఒకటిలో పదో వంతుకు పడిపోతే పదమూడు కిలోవాట్లు కావాలి. ఇంత దగ్గరలో ఈ సూత్రం కచ్చితంగా పనిచెయ్యదు, ఉజ్జాయింపు మాత్రమే. కానీ ల్యాబు ఎక్కడ ఇబ్బంది పడుతుందో ఇది చూపిస్తుంది. చాలామంది అనుకున్నట్టు కష్టం పైన గిగాహెర్ట్జ్‌లలో కాదు, అడుగున ఉంటుంది. “మాకు 200 వోల్టులు ఉందండీ” అన్న ల్యాబును “ఏ బ్యాండులో?” అని అడగండి. 80 మెగాహెర్ట్జ్ నుంచి పైకి ఉందంటే, మీ పరీక్షలో కింది ముక్క ఇంకా మిగిలే ఉన్నట్టు.

రెండోది, అసలు “హై-లెవెల్” అని సరదాగా రాసేది: రాడార్ మెయిన్ బీమ్‌లో పడితే వచ్చే వేల వోల్టుల పల్స్ ఫీల్డ్. ఇది 461లోది కాదు, వ్యవస్థ మొత్తానికి వర్తించే మిల్-స్టాండర్డ్ 464లోది, విమానాలకైతే వాటి పరికరాల పరీక్షల ప్రమాణం డీవో-160 సెక్షన్ 20లోది. ఓడ మీద రాడార్లు పక్కపక్కనే ఉంటాయి కాబట్టి నౌకాదళం అడగడంలో న్యాయం ఉంది. పై సూత్రంలోనే 2,000 వోల్టులు పెట్టి చూడండి, పవర్ వంద రెట్లవుతుంది. ఆ స్థాయిని సాలిడ్ స్టేట్ యాంప్లిఫైయర్‌తో సాధించడం కష్టం, ఎక్కువ పవర్ ఇచ్చే వాక్యూమ్ ట్యూబులు, అంటే పల్స్ ట్రావెలింగ్ వేవ్ ట్యూబులు గానీ మాగ్నెట్రాన్లు గానీ కావాలి. ఇంకో దారి రివర్బరేషన్ ఛాంబర్. గోడలకు శోషక పదార్థం లేకుండా, నాలుగు వైపులా లోహమే ఉండి, లోపల పెద్ద లోహపు తెడ్డు మెల్లగా తిరుగుతుంటుంది. తరంగాలు బయటికి పోలేక లోపలే కొట్టుకుంటాయి, తక్కువ యాంప్లిఫైయర్‌తోనే ఎక్కువ ఫీల్డ్ వస్తుంది. 461 కూడా ఆర్‌ఎస్103కి 200 మెగాహెర్ట్జ్ పైన ఈ పద్ధతిని ప్రత్యామ్నాయంగా ఒప్పుకుంటుంది. ఈ మాట చాలామంది సప్లయర్లకు తెలియదు. మీ ల్యాబుకు మామూలు ఛాంబర్‌లో పవర్ చాలకపోతే, రివర్బరేషన్ ఛాంబర్ ఉన్న ఇంకో చోట చేసుకోవచ్చు, కస్టమర్ టెస్ట్ ప్రొసీజర్‌లో ఒప్పుకుని సంతకం పెడితే.

మూడోది ఆర్‌ఎస్105. అణుబాంబు ఆకాశంలో చాలా ఎత్తున పేలినప్పుడు నేల మీద పడే పల్సుకు నకలు ఇది. 1962 జూలై 9న అమెరికా పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున 1.4 మెగాటన్నుల బాంబు పేల్చినప్పుడు, దాదాపు 1,450 కిలోమీటర్ల దూరంలో ఉన్న హవాయిలో కొన్ని వీధిదీపాలు ఆరిపోయాయి. పరీక్షలో మీటరుకు 50 కిలోవోల్టుల పల్స్, 2.3 నానోసెకన్లలో పైకి లేస్తుంది, 23 నానోసెకన్ల వెడల్పు. రెండు పెద్ద లోహపు పలకల మధ్య మీ పెట్టె పెట్టి, హై వోల్టేజ్ జనరేటర్‌తో పల్స్ వదులుతారు. మొదట పది శాతంతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, పూర్తి లెవెల్‌లో కనీసం అయిదు పల్సులు, నిమిషానికి ఒకటికి మించకుండా. ఇందులో మీ పెట్టె సైజే ముఖ్యం. పరికరం ఎత్తు పలకల మధ్య దూరంలో మూడో వంతుకు మించకూడదు. మీది అరవై సెంటీమీటర్ల ఎత్తనుకుంటే పలకల మధ్య 1.8 మీటర్లు కావాలి, అంటే జనరేటర్ 90 కిలోవోల్టులు ఇవ్వాలి. చిన్న టేబుల్ మీద పెట్టే సిమ్యులేటర్ ఉన్న ల్యాబు మీకు పనికిరాదు. కాబట్టి ఫోన్‌లో మొదటి మాటగానే పొడవు, వెడల్పు, ఎత్తు చెప్పెయ్యండి.

ఇప్పుడు ఊళ్ల సంగతి.

కాకినాడ నుంచి మీకు దగ్గరిది విశాఖ దగ్గర గంభీరంలో ఉన్న సమీర్ కేంద్రం. సమీర్ అంటే కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ కింద 1984లో ఏర్పడిన మైక్రోవేవ్ పరిశోధన సంస్థ, ప్రధాన కార్యాలయం ముంబైలో. విశాఖ కేంద్రాన్ని పెట్టిందే ఈ విద్యుదయస్కాంత పరిసర ప్రభావాల పని కోసం, ఈ-త్రీ అని పిలుస్తారు. మీ ప్రశ్న వాళ్ల పేరులోనే ఉంది కాబట్టి మొదటి ఈమెయిల్ అక్కడికే పంపండి. నేషనల్ హైవే మీద మూడు నాలుగు గంటల ప్రయాణం. ఏదైనా తేడా వస్తే రాత్రికి షాపుకు వచ్చి బోర్డు మార్చుకుని మళ్లీ పొద్దున్నే వెళ్లొచ్చు. చెన్నైలో ఉండగా ఒక కెపాసిటర్ కోసం కాకినాడకు మనిషిని పంపాల్సి వస్తే తెలుస్తుంది ఈ మాట విలువ. ఏయే లెవెల్ ఇప్పుడు నడుస్తోందో, ఏ యాంప్లిఫైయర్ రిపేరులో ఉందో మాత్రం వాళ్లనే అడగండి. అది నెలనెలా మారే విషయం, ఏ ల్యాబుకైనా.

రెండోది సమీర్ చెన్నై కేంద్రం, 1987 నుంచి ఈ పనిలో ఉంది. ఈఎంసీలో, అంటే పరికరాలు ఒకదాన్నొకటి చెడగొట్టకుండా పనిచేసేలా చూసే పనిలో, దేశంలో అనుభవం ఎక్కువ ఉన్న చోట్లలో అదొకటి. హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్‌కు ఈఎంఐ, ఈఎంసీ పరీక్షల విభాగం ఉంది. అక్కడే డీఆర్‌డీవోకు చెందిన క్షిపణి పరిశోధన కేంద్రం ఆర్‌సీఐలో కూడా ఉంది. డీఆర్‌డీవో తన పరీక్ష సదుపాయాలను ప్రైవేటు పరిశ్రమకు డబ్బు తీసుకుని తెరిచింది, దరఖాస్తు పద్ధతి కూడా ప్రకటించింది. కానీ సొంత ప్రాజెక్టులు ముందు, మీరు తర్వాత. మీ ఆర్డరు నేరుగా రక్షణ ప్రాజెక్టుకు చెందినదని మీ పెద్ద కంపెనీతో ఒక ఉత్తరం ఇప్పిస్తే క్యూ కాస్త కదులుతుంది. బెంగళూరులో బీఈఎల్, కొన్ని ప్రైవేటు ల్యాబులు ఉన్నాయి. ప్రైవేటు వాళ్ల సుఖం ఏమిటంటే తేదీ చెప్తే ఆ తేదీకే ఛాంబర్ ఇస్తారు, రాత్రి షిఫ్టు కూడా ఇస్తారు. మూడో పరీక్ష మాత్రం వాళ్ల దగ్గర అరుదు.

ఒక మాట గుర్తుంచుకోండి: మూడు పరీక్షలూ ఒకే చోట జరగాలని పట్టు పట్టకండి. ఆర్‌ఎస్103 ఒక ల్యాబులో, ఆర్‌ఎస్105 ఇంకో ల్యాబులో చేసి రెండు రిపోర్టులు పెడితే తప్పేం లేదు, టెస్ట్ ప్రొసీజర్‌లో అలా రాసి ముందే ఆమోదం తీసుకుంటే. రక్షణ శాఖ నాణ్యత తనిఖీ విభాగం డీజీక్యూఏ తరఫున గానీ నౌకాదళం తరఫున గానీ ప్రతినిధి పరీక్ష చూడ్డానికి రావాల్సి ఉంటే, ఆయన తేదీ, ల్యాబు తేదీ కలవడమే ఈ మొత్తం వ్యవహారంలో పెద్ద టెన్షన్. ఆయన తేదీ ముందు ఖాయం చేసుకుని, తర్వాతే ల్యాబుకు అడ్వాన్సు కట్టండి.

ఏ ల్యాబైనా సరే, ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో వాళ్ల గుర్తింపు పత్రం వెనక ఉండే స్కోప్ కాగితం తెరిచి చూడండి. అందులో పరీక్ష పేరు, ఫ్రీక్వెన్సీ, లెవెల్ లైను లైనుగా ఉంటాయి. బ్రోషర్‌లో “మిలిటరీ టెస్టింగ్ చేస్తాం” అని ఎంత పెద్ద అక్షరాలతో రాసినా, స్కోప్‌లో “ఆర్‌ఎస్103, 80 మెగాహెర్ట్జ్ నుంచి 6 గిగాహెర్ట్జ్, 50 వోల్టులు” అని ఉంటే అదే నిజం. పల్స్ పరీక్షకైతే ఇంకోటి అడగండి: పల్స్ పీక్ ఫీల్డ్‌ను దేంతో కొలుస్తారు? మామూలు డయోడ్ ప్రోబు సన్నటి పల్సును తక్కువగా చూపించగలదు. దీనికి తడుముకోకుండా జవాబు చెప్పిన ఇంజినీరు ఉన్న ల్యాబుకు నేను రెండు మార్కులు ఎక్కువ వేస్తాను.

ఇక డబ్బు. ల్యాబు గంటల లెక్కనో షిఫ్టు లెక్కనో తీసుకుంటుంది, కాబట్టి బిల్లు మీ చేతిలోనే ఉంది. ఇది ఎవరూ చెప్పరు గనుక కాస్త వివరంగా చెప్తాను. 461జీ ప్రకారం ఆర్‌ఎస్103లో ఫ్రీక్వెన్సీని మెట్లు మెట్లుగా జరుపుతారు: 30 మెగాహెర్ట్జ్ దాకా ఒక్కో మెట్టు ఒక శాతం, గిగాహెర్ట్జ్ దాకా అర శాతం, ఆపైన పావు శాతం. 2 మెగాహెర్ట్జ్ నుంచి 18 గిగాహెర్ట్జ్ దాకా లెక్కేస్తే, 30 పైన యాంటెన్నాను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టాలి కాబట్టి, మొత్తం సుమారు 4,000 మెట్లు. ప్రతి మెట్టు దగ్గర కనీసం 3 సెకన్లు ఆగాలి, లేదా మీ పరికరం తప్పు చూపించడానికి పట్టేంత సేపు, రెండింట్లో ఏది ఎక్కువైతే అది. 3 సెకన్లయితే మూడున్నర గంటల లోపు అయిపోతుంది. మీ బాక్సు ఒక సైకిల్ పూర్తి చేసి “అంతా బాగుంది” అని చెప్పడానికి 20 సెకన్లు తీసుకుంటే? ఇరవై రెండు గంటలు. అదీ యాంటెన్నా ఒకే చోట ఉంటే. పెట్టె వెడల్పుగా ఉండి పై ఫ్రీక్వెన్సీలలో యాంటెన్నాను రెండు మూడు చోట్ల పెట్టాల్సివస్తే ఆ భాగం రెట్టింపో మూడింతలో అవుతుంది. కాబట్టి ల్యాబు వెతకడం మొదలుపెట్టిన రోజే మీ ఫర్మ్‌వేర్ కుర్రాడిని కూర్చోబెట్టి, ప్రత్యేకంగా ఒక టెస్ట్ మోడ్ రాయించండి. అన్ని ఇన్‌పుట్లు, అవుట్‌పుట్లు, కమ్యూనికేషన్ రెండు సెకన్లలోపు ఒక చుట్టు తిరిగి, తేడా వస్తే ఎర్ర లైటు వెలిగేలా. ఆ మోడ్ అసలు పనిని నిజాయితీగా పరీక్షిస్తుందని కస్టమర్ ఒప్పుకోవాలి, అంతే. ఇంతకన్నా చవగ్గా ల్యాబు బిల్లు తగ్గించే మార్గం నాకు తెలియదు.

మీరు అడగలేదు గానీ మన కోనసీమ, కాకినాడ వాళ్లకు ఇంకో సమస్య ఉంది, ఉప్పుగాలి. 200 వోల్టులు తట్టుకోవడంలో సగం పని సర్క్యూట్‌ది కాదు, మూతది. పెట్టెకూ మూతకూ మధ్య ఎక్కడ సన్నటి పొడవాటి సందు ఉంటే అక్కడ ఫీల్డ్ దూరుతుంది. సందు పొడవు తరంగదైర్ఘ్యంలో సగమైతే అది యాంటెన్నాలాగే పనిచేస్తుంది: 15 సెంటీమీటర్ల సందుకు అది 1 గిగాహెర్ట్జ్, 18 గిగాహెర్ట్జ్‌కు 8 మిల్లీమీటర్ల సందు చాలు. స్క్రూలు దగ్గరగా వేస్తారు, కండక్టివ్ గాస్కెట్ (సందు మూసే, విద్యుత్ ప్రవహించే మెత్తటి పట్టీ) పెడతారు, బాగానే ఉంటుంది. తర్వాత పెట్టె పౌడర్ కోటింగ్‌కు వెళ్తుంది. అక్కడి కుర్రాడు అందంగా ఉండాలని గాస్కెట్ కూర్చునే అంచు మీద కూడా రంగు కొట్టేస్తాడు. మల్టీమీటర్ ఒక ముల్లు మూత మీది స్క్రూ దగ్గర, ఇంకోటి పెట్టె అంచు మీద పెట్టి చూడండి. స్క్రూ ద్వారా కనెక్షన్ ఉంటుంది కాబట్టి బీప్ మంటుంది, మీరు సంతోషిస్తారు. కానీ స్క్రూకూ స్క్రూకూ మధ్య గాస్కెట్ కింద రంగే ఉంది, లోహం లేదు. అక్కడే దూరుతుంది. అంచు మీద టేపు వేసి కోటింగ్‌కు పంపాలని డ్రాయింగ్ మీదే రాయండి, నోటితో చెప్తే ఆగదు.

గాస్కెట్ ఎంపికలో కూడా సముద్రం లెక్క వేరు. వెండి పూసిన రాగి పొడి నింపిన గాస్కెట్‌ను అల్యూమినియం మీద పెడితే ఉప్పు తేమలో అల్యూమినియం తినేసి తెల్లపొడి వస్తుంది. వెండి పూసిన అల్యూమినియం నింపినది మేలు. అంచుకు పెయింటు బదులు విద్యుత్ ప్రవహించే కన్వర్షన్ కోటింగ్ (పల్చటి రసాయన పూత) చేయించండి. ఈఎంఐ పరీక్ష సాల్ట్ ఫాగ్ పరీక్షకు (ఉప్పునీటి తుంపరలో ఉంచి తుప్పు చూసేది) ముందా తర్వాతా అని మీ కస్టమర్‌ను అడగండి. ముందు చేస్తే పాస్ అవ్వడం సులువు. తర్వాత చేస్తే నిజం తెలుస్తుంది. నా మాటైతే, ఒక బాక్సు సాల్ట్ ఫాగ్‌కు వెళ్లొచ్చాక దాన్నే తీసుకుని మీ ఖర్చు మీద ఒక పూట గిగాహెర్ట్జ్ పైన మాత్రం చూసుకోండి.

షాపులోనే ముందస్తుగా ఏం చెయ్యొచ్చంటే, కేబుళ్ల మీద కరెంట్ ఇంజెక్షన్. 461లో అది సీఎస్114, 10 కిలోహెర్ట్జ్ నుంచి 200 మెగాహెర్ట్జ్ దాకా. ఇంజెక్షన్ ప్రోబు, సిగ్నల్ జనరేటర్, చిన్న యాంప్లిఫైయర్ అద్దెకు తెచ్చుకుంటే కింది ఫ్రీక్వెన్సీలలో మీ బలహీనతలు చాలావరకు బయటపడతాయి, ఎందుకంటే అక్కడ ఫీల్డ్ పెట్టెలోకి వచ్చేది కేబుల్ మీదుగానే. యాంటెన్నా పెట్టి ఫీల్డ్ వదలడం మాత్రం షీల్డ్ ఉన్న గది లేకుండా వద్దు. కొబ్బరితోట మధ్యలో ఎవరూ లేరు కదా అనుకుంటారు. కాకినాడ తీరంలో పోర్టు, ఓడల రేడియోలు, విమానాల రేడియోలు ఉన్నాయి. రేడియో ప్రసారాలకు లైసెన్సు ఇచ్చే కేంద్ర విభాగం డబ్ల్యూపీసీ అనుమతి లేకుండా ప్రసారం చేస్తే నేరం, అది పరీక్ష కోసమే అయినా.

ల్యాబుకు వెళ్లేటప్పుడు ఒకటి కాదు, రెండు బాక్సులు తీసుకెళ్లండి. అసలు వాడే కేబుల్ హార్నెస్‌నే తీసుకెళ్లండి, ల్యాబులో దొరికిన వైర్లతో కాదు. పరీక్షలో రెండు మీటర్ల కేబుల్‌ను గ్రౌండ్ ప్లేన్‌కు (కింద పరిచిన లోహపు పలకకు) అయిదు సెంటీమీటర్ల ఎత్తున పరుస్తారు, పొట్టి కేబుల్ తెస్తే అక్కడే ఆగిపోతారు. హైవే మీద వచ్చాక మూత స్క్రూలు, కనెక్టర్ రింగులు మళ్లీ బిగించండి, కుదుపులకు వదులవుతాయి. మీ బాక్సును నడిపే ల్యాప్‌టాప్, సిమ్యులేటర్ ఛాంబర్ బయట ఉండాలి కాబట్టి మధ్యలో ఆప్టికల్ ఫైబర్ పెట్టుకుంటే గొడవ ఉండదు. లేకపోతే ఫెయిలయింది మీ బాక్సా, ల్యాప్‌టాపా అని రాత్రంతా వాదించుకోవాలి.

ఎక్కడైనా ఫెయిలయితే ఛాంబర్ ఆపి పెట్టె విప్పకండి. ముందు ఆ ఫ్రీక్వెన్సీలో లెవెల్ తగ్గించుకుంటూ రమ్మనండి, బాక్సు కోలుకునే దాకా. తర్వాత ఇంకో 6 డెసిబెల్స్ తగ్గించి, మళ్లీ మెల్లగా పెంచుతూ ఏ లెవెల్‌లో తప్పు మళ్లీ వస్తుందో రాయించండి. 461 చెప్పే పద్ధతే ఇది, కానీ తొందరలో వదిలేస్తారు. 200 దగ్గర ఫెయిల్ అని ఒక్క ముక్క రిపోర్టులో ఉంటే కస్టమర్ బాక్సు వెనక్కి పంపుతాడు. 412 మెగాహెర్ట్జ్ దగ్గర 160 దాకా తట్టుకుంది, ఆ పైన ఒక అనలాగ్ ఇన్‌పుట్ మాత్రమే కదిలింది అని ఉంటే, ఆ ఇన్‌పుట్ లైనుకు ఒక ఫిల్టర్ పెట్టి, ఆ ఒక్క బ్యాండు మాత్రమే మళ్లీ చూపిస్తే సరిపోతుందా అని అడిగే అవకాశం మీకు ఉంటుంది. కస్టమర్ కొత్త అంకెలు పంపాక ఇక్కడ పెట్టండి, ఏ భాగానికి ఏ ల్యాబో చూద్దాం.